బీర్లు పోల్చి రుచి చూడాలంటే ఏ వరుసలో పోయాలి?

మేం బెంగళూరులో ఉంటాం. వచ్చే శనివారం మా ఇంట్లో నలుగురం కలిసి, ఏది ఏ బీరో తెలియకుండా గ్లాసుల్లో పోసుకుని రుచి పోల్చుకుందామని ప్లాన్. హెఫెవైజెన్, బెల్జియన్ విట్, చేదెక్కువుండే ఐపీఏ, నల్లటి స్టౌట్ అనుకున్నాం.

మొదటి రెండూ గోధుమ బీర్లే. హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ వల్లే వస్తుంది. రెండోదాంట్లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. వీటిని వెంటవెంటనే తాగితే తేడా బాగా తెలుస్తుందా? ఐపీఏ చేదు నాలుకకు పట్టేశాక స్టౌట్‌లో కాఫీ రుచి అందదేమోనని నా అనుమానం. స్టౌట్‌ని ఫ్రిజ్‌లోంచి ఎంత ముందు తీయాలి?

మధ్యలో మిర్చి బజ్జీలు ఉండాల్సిందేనని మావాడొకడి పట్టు. బ్రెడ్డు, మంచినీళ్లు చాలని నేను. తలా 100 మి.లీ. పోస్తే సరిపోతుందా? అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.