కఫం సిరప్ వంటింటి స్పూనుతో పోయొచ్చా?

మాది కూకట్‌పల్లి. నాన్నకి వారం నుంచి కఫంతో దగ్గు, మెడికల్ షాపులో సిరప్ ఇచ్చారు, అమ్మేమో వంటింటి స్పూనుతో పోస్తోంది, అదే సీసా మా మూడేళ్ల పాపకీ పట్టమంటోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

— పాపకి అస్సలు వద్దండి. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకీ మామూలుగా వద్దని 2025 అక్టోబరులో కేంద్రం చెప్పింది. పిల్లల డాక్టరుకి చూపించండి.

— స్పూను మానేయండి. మా ఇంటి చెంచా కొలిస్తే 5 ఎం.ఎల్. అనుకున్నది 8 వచ్చింది! సీసాతో వచ్చిన కప్పులో పోసి, గీతని కంటికి ఎదురుగా పెట్టి చూడండి.

— నాన్నగారికి బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా? లేబుల్‌పై టెర్బుటలిన్ (ఊపిరి గొట్టాలని వదులు చేసే మందు) ఉంటే గుండె దడ, చేతుల వణుకు రావచ్చు, డాక్టర్ని అడిగాకే వాడండి. కఫంలో రక్తం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించండి.