అప్‌డేట్: పద్మినికి జిప్సీ గేర్‌బాక్సే ఖాయం
నా పాత ప్రీమియర్ పద్మిని కారులో మారుతి ఎస్టీమ్ 1.3 ఇంజిన్‌ను పొడవునా పెట్టి వెనక చక్రాలను తిప్పించాలి, స్క్రాప్‌లో ఏ గేర్‌బాక్స్ కొనాలి అని అడిగాను కదా, అన్నలూ. తేలిపోయింది.

మారుతి వాళ్లవే ఓమ్నీ, వెర్సా, జిప్సీ బాక్స్‌లు చూశా. ఓమ్నీది వద్దనుకున్నా. 796 సీసీ ఇంజిన్‌కు చేసిన నాలుగు గేర్ల బాక్స్, పాపం దానికి ఈ బరువెందుకు. వెర్సాది బలమైనదే కానీ, అందులో ఇంజిన్ సీటు కింద ఉంటుంది కాబట్టి గేర్ రాడ్ లింకేజీ మొత్తం మార్చాలి. జిప్సీ ఇంజిన్‌దీ ఎస్టీమ్ ఇంజిన్‌దీ ఒకటే కుటుంబం, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తిని పంచే పెట్టె) విడిగా ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది వెనక చక్రాలను తిప్పే మామూలు బాక్సే. పైగా ఆ కేసు మామూలు రోడ్డుకు వాడే హై గేర్‌లో కూడా తిరిగే వేగాన్ని 1.409 రెట్లు తగ్గిస్తుంది, అది పోతే హైవే మీద ఇంజిన్ అరుపు తగ్గుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ముందు చూపించిన జిప్సీ బాక్స్ పైకి తళతళలాడుతోంది. డ్రెయిన్ బోల్టు విప్పించా. నూనెలో బంగారు రంగు పొడి, అంటే సింక్రో రింగులు (గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగులు) అరిగినట్టే. "అన్నింటిలోనూ అంతే సార్" అన్నాడు అమ్మేవాడు. మట్టికొట్టుకున్న ఇంకోటి తెచ్చుకున్నా. ఇన్‌పుట్ షాఫ్ట్ ఊపితే ఆట లేదు, చేత్తో తిప్పుతూ వేస్తే అన్ని గేర్లూ పడ్డాయి. ఫ్లైవీల్, క్లచ్ కూడా జిప్సీవే.

ఆర్‌టీఓ అనుమతి పని మొదలైంది, అదొక టెన్షన్. ఇక మిగిలింది స్పీడోమీటర్. జిప్సీలో దాని కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, నా దగ్గర అది లేదు. జీపీఎస్ మీటర్ పెట్టినవాళ్లుంటే చెప్పండి.