సిట్‌కామ్ చూస్తుంటే మీకు అసలు నవ్వు ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న – సోఫామూల

చాలా రోజులుగా అడుగుదాం అనుకుంటున్నా. నేనూ మా తమ్ముడూ ఒకే టీవీ ముందు పెరిగాం కానీ సిట్‌కామ్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ అస్సలు పడదు. నాకు ఫ్రెండ్స్, సైన్‌ఫెల్డ్, ఫ్రేజియర్ లాంటివి ఇష్టం, వాడికేమో వెనకాల జనం నవ్వు వినిపిస్తే చాలు లేచి వెళ్ళిపోతాడు, ఎప్పుడు నవ్వాలో నాకు తెలీదా, పక్కనుంచి ఒకడు గిల్లి చెప్పాలా అంటాడు. వాడికి ది ఆఫీస్ ప్రాణం. నేను దాన్ని, బ్రిటిష్‌దాన్ని, మూడుసార్లు మొదలెట్టా, మూడుసార్లూ రెండో ఎపిసోడ్ దాటలేదు, ఎందుకంటే ఆ బాస్ అందరి ముందూ ఒక జోక్ వేసి ఎవరూ నవ్వకపోతే ఆ సైలెన్స్‌లో సిగ్గుతో నేను ముడుచుకుపోతా, నవ్వెక్కడ వస్తుంది.

పోనీ నాకు నవ్వొచ్చేది జోకులకేనా అంటే అదీ కాదనిపిస్తోంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది సైన్‌ఫెల్డ్‌లో 1991లో వచ్చిన రెస్టారెంట్ ఎపిసోడ్. జెర్రీ, జార్జ్, ఎలెయిన్ ముగ్గురూ టేబుల్ కోసం నిలబడి ఉంటారు, ఎపిసోడ్ మొత్తం అంతే. అడిగినప్పుడల్లా టేబుళ్ళు ఇచ్చే అతను ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటాడు. జార్జ్ తన గర్ల్‌ఫ్రెండ్ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే ఆ ఫోన్ వచ్చినప్పుడు అతను జార్జ్ ఇంటిపేరు కోస్టాంజా అనాల్సింది కార్ట్‌రైట్ అని పిలుస్తాడు, ఎవరూ పలకరు, కాల్ పోతుంది. చివరికి విసిగిపోయి ముగ్గురూ బయటికెళ్ళగానే లోపలినుంచి సైన్‌ఫెల్డ్ అని పిలుపు వినిపిస్తుంది. ఇందులో కథే లేదని ఛానల్ వాళ్ళు అప్పట్లో అభ్యంతరం పెట్టారట. నిజమే, పేపర్ మీద రాసి చూపిస్తే ఎవరూ నవ్వరు. నేను మాత్రం పదోసారి చూసినా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతా, పైగా ఏం జరగబోతోందో తెలిసినకొద్దీ ఇంకా ఎక్కువ నవ్వొస్తుంది. ఎందుకలా? మీకు ఏది నవ్వు తెప్పిస్తుందో ఊరికే షో పేరు చెప్పి వదిలేయకుండా ఒక్క సీన్ పట్టుకుని చెప్పండి ప్లీజ్.

జవాబు – పాతరీలు

మంచి ప్రశ్న. నా ఓటు ఫాల్టీ టవర్స్‌కి. మొత్తం కలిపి 12 ఎపిసోడ్లే, 1975లో ఆరు, మళ్ళీ 1979లో ఆరు. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు, ఒక్కో స్క్రిప్ట్ మీద ఎంత పని చేశారో చూస్తే తెలుస్తుంది, ఒక్క వస్తువు కూడా ఊరికే రాదు.

సీన్ అడిగారు కాబట్టి, కారు సీన్. హోటల్ నడిపే బాసిల్ తొందరలో ఉంటాడు, హోటల్లో పెద్ద పెద్ద అతిథులు కూర్చుని ఉంటారు, సరిగ్గా అప్పుడే దారిలో కారు ఆగిపోతుంది. వాడు కారుని మనిషిని తిట్టినట్టు తిడతాడు, వార్నింగ్ ఇస్తాడు, మూడు లెక్కపెడతా అంటాడు, నిజంగానే లెక్కపెడతాడు. కారు కదలదు. ఇక చూస్కో అని ఫ్రేమ్‌లోంచి బయటికి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు. ఇక్కడ గమనించండి, కెమెరా వాడి వెనకాల వెళ్ళదు, అక్కడే ఉంటుంది, మనం ఊరికే ఆ కారునే చూస్తూ కూర్చుంటాం. కొన్ని సెకన్లు ఏమీ జరగదు. నాకు నవ్వు మొదలయ్యేది ఆ ఖాళీలోనే, వాడింకా తిరిగి రాకముందే. తర్వాత ఒక చెట్టుకొమ్మ విరుచుకుని వచ్చి కారుని బాదుతాడు, అది అందరికీ గుర్తుంటుంది, కానీ ఆ కొమ్మని ముందే చూపించేసి ఉంటే సగం నవ్వు పోయేది.

మీ రెస్టారెంట్ ఎపిసోడ్‌లో జరిగేది కూడా ఇదే అనుకుంటున్నా. బాసిల్ ఎలాంటివాడో మనకి ముందే తెలుసు, ఏదో పిచ్చిపని చేస్తాడని తెలుసు, ఏం చేస్తాడో మాత్రం తెలీదు. తెలిసీ తెలియని ఆ గ్యాప్‌లో మనల్ని ఎంతసేపు ఆపగలరు అన్నదాన్నిబట్టే రైటర్ ఎంత గట్టివాడో తెలుస్తుంది.

జవాబు – మైకుపట్టుకో

నవ్వుల సౌండ్ మీద మీ తమ్ముడికి ఒక మాట చెప్పాలి. రెండు రకాలున్నాయి, జనం వాటిని ఒకటిగా కలిపేస్తారు. ఒకటి నిజంగా ఆడియన్స్‌ని కూర్చోబెట్టి వాళ్ళ ముందు నటించడం. 1951లో మొదలైన ఐ లవ్ లూసీ మూడు ఫిల్మ్ కెమెరాలతో ఎదురుగా జనాన్ని పెట్టుకుని తీశారు, తర్వాత ఏళ్ళ తరబడి చాలామంది అదే పద్ధతి పట్టుకున్నారు. రెండోది డబ్బాలో నవ్వు. చార్లీ డగ్లస్ అని ఒక సౌండ్ ఇంజనీర్ 1950ల్లో ఒక మెషిన్ తయారు చేశాడు, టేపుల్లో రకరకాల నవ్వులు, టైప్‌రైటర్‌లా మీటలు, ఏ మీట నొక్కితే ఆ నవ్వు, చిన్న నవ్వు, పెద్ద నవ్వు, ఎవరో ఒక్కరే నవ్వినట్టు. ఈ రెండోది నాకూ నచ్చదు. మాష్ 1972లో మొదలైంది, యుద్ధంలో ఆర్మీ డాక్టర్ల కథ, దాన్ని తీసినవాళ్ళు నవ్వుల ట్రాక్ వద్దని ఛానల్‌తో పోట్లాడి కనీసం ఆపరేషన్ సీన్లలో లేకుండా చూసుకున్నారు. బ్రిటన్‌లో బీబీసీ అయితే అసలు ఆ ట్రాకే తీసేసి వేసింది. ఎదురుగా పేషెంట్ కడుపు తెరిచి ఉంది, డాక్టర్ భయం పోగొట్టుకోడానికి ఒక జోక్ వేస్తాడు, అక్కడ వెనకాల నవ్వు పెడితే ఆ జోక్ ఎందుకేశాడో కూడా మనకి అర్థం కాకుండా పోతుంది.

కానీ లైవ్ ఆడియన్స్ సంగతి వేరే. ఫ్రెండ్స్ షూటింగ్‌లో ఎదురుగా ఉన్న జనం ఒక లైన్‌కి నవ్వకపోతే రైటర్లు అక్కడికక్కడే ఇంకో లైన్ రాసి మళ్ళీ తీసేవాళ్ళు. అంటే ఆ నవ్వు మనకి ఆర్డర్ వేయడానికి పెట్టింది కాదు, జోక్ పరీక్ష పాసైంది అనడానికి గుర్తు. ఇంకో సంగతి, నటులు ఆ నవ్వు కోసం ఆగుతారు. నాటకాలు వేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు, నవ్వు పైకి లేస్తున్నప్పుడు నోరు తెరవకూడదు, పూర్తిగా చల్లారేదాకా ఆగినా టెంపో పోతుంది, దిగుతూ ఉండగా తర్వాతి లైన్ అందుకోవాలి. నెట్‌లో నవ్వు తీసేసిన క్లిప్పులు చూపించి ఇదిగో జోకే లేదు అంటుంటారు, అది అన్యాయం, పాటలోంచి తాళం తీసేసి పాడినవాడు తప్పు పాడాడు అన్నట్టు ఉంటుంది. మాల్కమ్ ఇన్ ద మిడిల్ చూడండి, 2000లో వచ్చింది, అందులో జనమూ లేరు ట్రాకూ లేదు కాబట్టి ఒక జోక్ అయ్యేలోపు ఇంకోటి మీద పడిపోతుంది, అది దాని తాళం. మీ తమ్ముడికి నవ్వు సౌండ్‌తో పేచీ కాదేమో, ఆ ఆగడంతోనేమో, ఒకసారి అడిగి చూడండి.

సోఫామూల

ఇప్పుడే అడిగా. కాసేపు ఆలోచించి, అవును, వాళ్ళు జోక్ వేసి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డట్టు ఉంటుంది, అదే నచ్చదు అన్నాడు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు! మరి ది ఆఫీస్ సంగతి ఎవరైనా చెప్పండి, సిగ్గుతో చచ్చిపోయే సీన్లలో నవ్వు ఎలా వస్తుంది?

జవాబు – కాపీమిషన్

నేను చెప్తా, ఎందుకంటే నాకూ మొదట్లో మీలాగే ఉండేది. బ్రిటిష్‌ది క్రిస్మస్ స్పెషల్స్‌తో కలిపి 14 ఎపిసోడ్లే, అద్భుతం, కానీ చేదు మందు. మీరు అమెరికన్‌ది రెండో సీజన్ నుంచి మొదలెట్టండి. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లూ బ్రిటిష్ బాస్‌నే అనుకరిస్తున్నట్టు ఉంటాయి, రెండో సీజన్‌లో అమెరికన్ బాస్ మైకేల్ స్కాట్ మారాడు, చెడ్డవాడు కాదు, అందరూ తనని ఇష్టపడాలని అల్లాడిపోయే మనిషి అని మనకి తెలుస్తుంది, అక్కడినుంచి వాడిమీద కోపం పోయి జాలి వస్తుంది, జాలి వచ్చాక నవ్వొచ్చినా తప్పనిపించదు.

2008లో వచ్చిన డిన్నర్ పార్టీ ఎపిసోడ్ ఉంది. మైకేల్ ఇంటికి వచ్చినవాళ్ళకి తన ప్లాస్మా టీవీ చూపిస్తాడు. అది ల్యాప్‌టాప్ స్క్రీన్ అంత ఉంటుంది. గోడకి బిగించాడు. మనుషులు వచ్చినప్పుడు ఇలా చేస్తా అని దాన్ని గోడవైపు కొంచెం నెడతాడు, కొన్ని అంగుళాలు జరుగుతుంది అంతే, చోటు ఎంత కలిసొచ్చిందో చూడండి అన్నట్టు మొహం వెలిగిపోతుంది. చూస్తున్నవాళ్ళు ఒక్క మాట అనరు. ఆ ఇంట్లో, ఆ సంసారంలో వాడిదంటూ మిగిలింది ఆ చిన్న టీవీ ఒక్కటే అని ఎపిసోడ్ నడుస్తున్నకొద్దీ అర్థమవుతుంది. నేను నవ్వుతూనే ఉన్నా గానీ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు కూడా ఉంది. ఇంకా మైకేల్ కింద పనిచేసే జిమ్ కెమెరావైపు చూసే చూపు గమనించండి, వెనకాల నవ్వే జనం లేని షోలో ఆ పని వాడి చూపు చేస్తుంది, నువ్వూ చూశావుగా అని మనతో అంటున్నట్టు, సిగ్గుపడేది మనం ఒక్కళ్ళమే కాదని ధైర్యం వస్తుంది. మీకు కావాల్సింది ఆ తోడే అనుకుంటా.

జవాబు – అంజిపక్షం

అందరూ ఇంగ్లీష్‌వే చెప్తున్నారు, అమృతం మాటే ఎత్తరా? 2001 నుంచి 2007 దాకా వచ్చింది, 300 పైన ఎపిసోడ్లు. ఒక సంగతి ఆలోచించండి, అమృతం పాత్ర వేసిన నటుడు మధ్యలో మారాడు, ఒకసారి కాదు రెండుసార్లు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్, ముగ్గురు మనుషులు ఒకే పాత్ర. హీరో మారితే ఇంకే సీరియల్ అయినా కూలబడుతుంది, ఇది ఆగలేదు. ఎందుకంటే అమృతం ఎలా ఆలోచిస్తాడో, దేనికి ఆశపడతాడో, ఎక్కడ బోర్లాపడతాడో మనకి అప్పటికే కంఠతా వచ్చేసింది, మొహం కొత్తదైనా బుద్ధి అదే. పక్కన గుండు హనుమంతరావు గారి అంజి మాత్రం మారలేదు, నాకైతే షో మొత్తం ఆయన మీదే నిలబడింది. అమృతం ఒక ప్లాన్ చెప్పడం మొదలెడితే కెమెరా అంజి మొహం మీదికి వెళ్ళేది చూశారా, ఆయన డైలాగేమీ చెప్పక్కర్లేదు, వద్దని చెప్పినా వినడు, చివరికి నేనూ వెళ్ళక తప్పదు అని ఆ మొహంలోనే ఉండేది. పాతరీలు గారు చెప్పిన కారు ఖాళీ, కాపీమిషన్ చెప్పిన జిమ్ చూపు, రెండూ ఆ మొహంలో ఉన్నాయి నాకు.

ఇంకో మాట, మా అమ్మమ్మకి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు. లూసీ చాక్లెట్ ఫ్యాక్టరీ సీన్, 1952ది, ఫోన్‌లో చూపించా. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటే లూసీ, తన ఫ్రెండ్ ఇద్దరూ కాగితాలు చుట్టాలి, స్పీడ్ పెరిగి చేతకాక నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, సూపర్‌వైజర్ వచ్చి చూసి ఒక్కటీ మిగల్లేదు కదా, బాగా చేస్తున్నారు అనుకుని ఇంకాస్త స్పీడ్ పెంచండి అని అరుస్తుంది. ఆ మాట ఏంటో నేను చెప్పేలోపే అమ్మమ్మకి అర్థమైపోయింది, అయ్యో ఇంకా పెంచుతుందే అని పైకే అనేసింది.

జవాబు – వాక్యంపొడవు

అంజిపక్షంతో ఒప్పుకుంటా కానీ మాట మీద మాత్రమే నడిచే నవ్వు కూడా ఉంది, దాన్ని వదిలేయొద్దు. యెస్ మినిస్టర్, 1980లో మొదలైంది. మంత్రి అవునా కాదా అని అడుగుతాడు, ఆయన శాఖలో పెద్ద అధికారి సర్ హంఫ్రీ ఒకే వాక్యంలో అరపేజీ చెప్తాడు, ఊపిరి తీసుకోడు, చివరికి మంత్రికి ప్రశ్న ఏంటో కూడా గుర్తుండదు. హంఫ్రీగా వేసిన నైజెల్ హాథోర్న్ ఆ వాక్యం పూర్తి చేయగానే స్టూడియోలో జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. సబ్‌టైటిల్స్‌తో చూస్తే అర్థం తెలుస్తుంది, ఆ దమ్ము తెలీదు. నేను ఒకటి రెండు నోటికి నేర్చుకుని గట్టిగా చెప్పి చూశా, సగంలో ఊపిరి అయిపోయింది, అప్పట్నుంచి ఆ సీన్లంటే ఇంకా ఇష్టం.

సోఫామూల

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి నేనూ తమ్ముడూ కూర్చుని డిన్నర్ పార్టీ చూశాం. కాపీమిషన్ చెప్పినట్టు రెండో సీజన్ నుంచి రావాలి గానీ ఆగలేకపోయా. టీవీ గోడకి నెట్టే సీన్ దగ్గర వాడు నవ్వలేదు, నావైపు చూస్తున్నాడు, నాకు నవ్వొస్తుందా లేదా అని. నేను నవ్వా, అప్పుడు వాడు నవ్వాడు. తర్వాత నా వంతు, రెస్టారెంట్ ఎపిసోడ్ పెట్టా. జనం నవ్వినప్పుడల్లా మొహం చిట్లించుకున్నాడు గానీ లేచి వెళ్ళలేదు. కార్ట్‌రైట్ అని మొదటిసారి పిలిచినప్పుడు వాడికేం అర్థం కాలేదు, నాకు తెలుసు కాబట్టి దిండు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నా. ఏంటి, ఏమైంది, ఎందుకు నవ్వుతున్నావ్ అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పలేదు. తర్వాత జార్జ్ వెళ్ళి అడిగి సంగతి తెలుసుకున్నాడు చూడండి, అక్కడ వాడు పాజ్ నొక్కి, వెనక్కి వెళ్ళి, ఆ పిలిచే సీన్ మళ్ళీ పెట్టాడు.