డాలస్‌కి కొత్త, ఇంట్లో సర్వే ఆట పెట్టాలనుంది. సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. మా అపార్ట్‌మెంట్లోనే ఏడెనిమిది తెలుగు కుటుంబాలున్నాయి. పార్కింగ్‌లో కనబడితే నవ్వుకుంటాం, అంతే. వాళ్లందరినీ ఒక శనివారం ఇంటికి పిలవాలనుంది. ఊరికే పిలిస్తే మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, పిల్లలు ఫోన్లలో కూర్చుంటారని నా భయం. ఆఫీసులో ఒకసారి ఫ్యామిలీ ఫ్యూడ్ (వందమంది ఎక్కువగా ఏం చెప్పి ఉంటారో ఊహించే అమెరికా టీవీ షో) లాంటి ఆట ఆడించారు, నాకు చాలా నచ్చింది. అదే ఇంట్లో ఆడిద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. మా అత్తయ్యగారూ మామయ్యగారూ విజయవాడ నుంచి ఆన్‌లైన్లో కలిస్తే ఇంకా బాగుంటుంది. ఇంతకుముందు చేసినవాళ్లుంటే చెప్పండి. కొంచెం టెన్షన్‌గా ఉంది.

*

అమ్మా, నువ్వు అనే అంటున్నాను, మా చెల్లెలి వయసే ఉంటుంది నీది. మాది గుంటూరు, బ్రాడీపేట. ఇక్కడికొచ్చి 13 ఏళ్లు. ఈ ఆట మా ఇంట్లో ఆరేడుసార్లు పెట్టాం కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందుగా, ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్నలు దించుకోకు. మొదటిసారి నేను అదే చేశాను. 'థాంక్స్‌గివింగ్ రోజు టర్కీతో పాటు ఏం వడ్డిస్తారు' లాంటి అమెరికా పండగ ప్రశ్నలు. మా మామగారు ఊరి నుంచి వచ్చి పది రోజులు కూడా కాలేదు, సోఫా చివర కూర్చుని గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి చూస్తూ ఉండమన్నట్టయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఈ ఆటలో సరైన జవాబంటూ ఉండదు. 100 మందిని అడిగితే ఎక్కువమంది ఏమన్నారో అదే పై జవాబు. అమెరికాలో ఈ షో 1976 జూలైలో ఏబీసీ ఛానెల్లో రిచర్డ్ డాసన్‌తో మొదలైంది, 2010 నుంచి స్టీవ్ హార్వీ నడిపిస్తున్నాడు. ఇన్నేళ్లలో సెట్లు మారాయి, మనుషులు మారారు, 100 మందిని అడగడం మాత్రం అలాగే ఉంది. ఆ వందమంది ఎవరో మనకి తెలియకపోతే వాళ్ల మనసులో మాట ఎలా పట్టుకుంటాం? అందుకే నీ సర్వే విజయవాడలో చెయ్యి. మీ అత్తగారి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, నీ కాలేజీ స్నేహితులు, పిన్ని పిల్లలు, అందరూ పనికొస్తారు. గూగుల్ ఫారంలో తెలుగులో ఎనిమిది ప్రశ్నలు పెట్టి పంపు. అంతకన్నా ఎక్కువ పెడితే సగంలో వదిలేస్తారు. పేరు అడగొద్దు, పేరు రాయక్కర్లేదంటే మనసులో ఉన్నది రాస్తారు. ఎందుకు అడుగుతున్నావో మాత్రం మొదటి లైన్లోనే చెప్పు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు?

పెద్దవాళ్లు ఫోన్లో టైపు చేయరు. వాళ్ల జవాబులు లేకపోతే సర్వే అంతా పాతికేళ్ల పిల్లలదే అయిపోతుంది. మా అమ్మ ఏం చేసిందంటే, 200 పేజీల రూళ్ల నోటుబుక్కు పట్టుకుని సాయంత్రాలు అపార్ట్‌మెంట్ కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. వాచ్‌మన్ భార్య, ఇస్త్రీ బండి అతను, కూరగాయలామె, పై ఫ్లోర్ రిటైర్డ్ మాస్టారు, ఎవరినీ వదల్లేదు. నాలుగు రోజుల్లో 31 మంది. పేజీలు ఫొటో తీసి పంపింది. ఒకచోట పక్కన చిన్న అక్షరాలతో 'ఈవిడ మూడు చెప్పింది, మొదటిదే రాశాను' అని ఉంది. ఎవరూ నేర్పకుండానే అసలు సూత్రం పట్టుకుంది. మనిషికి ఒక్క జవాబే, అదీ నోటికి మొదట వచ్చింది.

వందమంది దొరక్కపోతే 50 మందిని అడిగి లెక్క రెట్టింపు చేసుకో. ఒక్కరే చెప్పిన జవాబు బోర్డు మీద పెట్టకు, కనీసం ఇద్దరు చెప్పి ఉండాలి.

ప్రశ్న ఎలా ఉండాలంటే, వినగానే అందరికీ ఏదో ఒకటి తట్టాలి, కానీ అందరికీ ఒకటే తట్టకూడదు. 'గుంటూరు అనగానే ఏం గుర్తొస్తుంది' అని అడిగితే మిర్చి ఒక్కటే కొండంత అయి కూర్చుంటుంది, మిగతా జవాబులకి చోటుండదు. దానికన్నా 'గుంటూరు నుంచి వచ్చేవాళ్లతో ఏం తెప్పించుకుంటారు' అని అడుగు. ఎండుమిర్చి, గోంగూర పచ్చడి, కందిపొడి, మంగళగిరి చీర, చక్కగా విడిపోతాయి. మా ఇంట్లో బాగా పండినవి ఇంకొన్ని: దుర్గమ్మ కొండ దిగి రాగానే ఏం చేస్తారు, బస్సెక్కగానే మొదట చేసే పని (సీటు మీద కర్చీఫ్ వేయడం అని ఎంతమంది రాశారో), అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు ఏం అడుగుతారు, పెళ్లికి ఆలస్యంగా వెళ్తే చెప్పే సాకు.

జవాబులు గుంపులు కట్టడం అన్నిటికన్నా కష్టం. అక్కడే నేను తప్పు చేశాను. 'ఎండలోంచి ఇంటికి రాగానే ఏం తాగుతారు' అనే ప్రశ్నకి నా కాగితం మీద మజ్జిగ ఉంది. తెనాలి పిన్నిగారు 'చల్ల' అన్నారు. నేను కాగితంలో వెతికి, లేదు అని గుర్తు కొట్టేశాను. ఆవిడ నెమ్మదిగా 'చల్లన్నా మజ్జిగన్నా ఒకటే కదమ్మా' అన్నారు. ఆ మాట నిజం. పైగా సర్వేలో చల్ల అని రాసినవాళ్లని నేను వేరే లెక్క కట్టాను, దాంతో పై జవాబే కిందకి పడిపోయింది. ఆట ఆపి ఆవిడకి పాయింట్లు తిరిగిచ్చాం. అప్పటినుంచి ప్రతి జవాబు పక్కనా దానికున్న మిగతా పేర్లన్నీ రాసి పెట్టుకుంటాను. ఫ్రిజ్ నీళ్లు, కుండ నీళ్లు ఒకటా రెండా అన్నది కూడా ఆటకి ముందే తేల్చుకో, ఆట మధ్యలో తేల్చబోతే గొడవే.

ఆడించే పద్ధతి తేలికే. అయిదుగురి చొప్పున రెండు జట్లు. ఒక్కో జట్టు నుంచి ఒకరు టేబుల్ దగ్గరికొస్తారు, ప్రశ్న వినగానే ముందు గంట కొట్టినవాళ్లు జవాబు చెప్పాలి. అది పై జవాబు కాకపోతే రెండోవాళ్లకి అవకాశం. ఎవరి జవాబు బోర్డు మీద పైన ఉంటే ఆ జట్టు ఆడుతుంది, లేదా అవతలివాళ్లకి వదిలేస్తుంది. ఆడే జట్టులో వరసగా ఒక్కొక్కరు చెప్పాలి, ఒకరికొకరు అందించుకోకూడదు. మూడు తప్పులైతే ఛాన్స్ అవతలి జట్టుకి. వాళ్లు మాత్రం కూడబలుక్కోవచ్చు. వాళ్లు చెప్పిన ఒక్క జవాబు బోర్డు మీద ఉంటే ఆ రౌండు పాయింట్లన్నీ వాళ్లవే. చివరి రౌండ్లకి పాయింట్లు రెట్టింపు, మూడింతలు చేస్తే వెనకబడ్డవాళ్లకీ ఆశ ఉంటుంది.

గంటకి స్టీలు పళ్లెం, గరిటె చాలు. పూజగదిలో గంట తేవద్దు, పెద్దవాళ్లకి నచ్చదు. గోడకి చార్టు అంటించి, జవాబుల మీద కాగితం ముక్కలు టేపుతో కప్పేస్తే అదే బోర్డు.

జట్లు ఇంటింటికీ వేయకు. ప్రతి జట్టులో ఒక పెద్దవాళ్లు, ఒక చిన్నపిల్ల, ఒకరికొకరు తెలియని ఇద్దరు ఉండేలా చీటీలు తియ్యి. ఇక కులం, పార్టీ, జీతం, వీసా, పిల్లలెప్పుడు అనే వాటి జోలికి ప్రశ్నల్లో ఎక్కడా వెళ్లకు. ఇక్కడ ఎవరి కాగితాలు ఏ దశలో ఉన్నాయో, ఎవరు రాత్రిళ్లు నిద్రపోకుండా ఎదురుచూస్తున్నారో మనకి తెలియదు. నవ్వుకోవడానికి వచ్చిన మనిషి మనసు నొచ్చుకుని వెళ్లకూడదు.

ఏ టైమ్ దాటితే గోల చేయకూడదో లీజు కాగితాల్లో చూసుకో. పళ్లెం చప్పుడు కింది ఇంటిదాకా వినిపిస్తుంది.

*

చెల్లెమ్మా, అక్కగారు ఇంట్లో సంగతి చెప్పారు, నేను ఆన్‌లైన్ సంగతి చెబుతాను. మాది విజయవాడ మొగల్రాజపురం. అమ్మానాన్న అక్కడే ఉంటారు.

టైమ్ ముందు చూసుకోండి. వేసవిలో ఇక్కడ శనివారం రాత్రి 8:30 అయితే అక్కడ ఆదివారం ఉదయం 7. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం మారాక అదే 8:30కి అక్కడ 8 అవుతుంది. కాఫీ తాగి తీరిగ్గా కూర్చుంటారు, ఎండ కూడా ముదరదు. జూమ్ ఉచితంగా వాడితే 40 నిమిషాలకే ఆగిపోతుంది, కాబట్టి రెండు రౌండ్లు అయ్యాక మీరే విరామం ఇచ్చి మళ్లీ లింకు తెరవండి. మధ్యలో పుటుక్కున తెగితే పెద్దవాళ్లు తామేదో తప్పు నొక్కామని కంగారుపడతారు.

ఆన్‌లైన్లో గంట పెట్టకండి. విజయవాడ నుంచి మాట ఇక్కడికి చేరేసరికి కొంచెం ఆలస్యమవుతుంది, నాన్న ముందు కొట్టినా మనకి తర్వాతే వినబడుతుంది. మేము మూడుసార్లు అలా ఆడి మానేశాం. ఇప్పుడు ఇద్దరూ జవాబు కాగితం మీద పెద్దగా రాసి, ఒకటీ రెండూ మూడూ అనగానే కెమెరాకి చూపించాలి. అమ్మ మార్కర్‌తో రాసి రెండు చేతులతో పట్టుకుంటుంది, కాగితం తలకిందులైనా పట్టించుకోదు. బోర్డుకి స్లైడ్ చేసి, జవాబుల మీద డబ్బాలు పెట్టి, చెప్పినకొద్దీ తీసేయండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వాళ్లు చూసేది ఫోన్లో కదా.

అక్కడ వాళ్ల పక్కన ఎవరైనా ఒక పిల్లాడు కూర్చుంటే మేలు. మ్యూట్ తీయడం వాడి పని.

*

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. ఇది చదివి మా అత్తయ్యగారికి ఫోన్ చేశాను. సగం చెప్పగానే 'ప్రశ్నలు పంపు, రేపు భజనకి వెళ్తే అక్కడే ఇరవై మంది దొరుకుతారు' అన్నారు. ఒక్క సందేహం. షోలో చివర ఇద్దరిని గబగబా అడుగుతారు కదా, అది పెట్టమంటారా?

*

పెట్టమ్మా, పిల్లలకి అదే ఇష్టం. అయిదు ప్రశ్నలు, మొదటివాళ్లకి 20 సెకన్లు, రెండోవాళ్లకి 25. రెండోవాళ్లు వినకుండా బెడ్‌రూమ్‌లోకి పంపించు. మొదటివాళ్లు చెప్పిందే చెబితే ఇంకోటి చెప్పమనాలి, ఆ అయిదు సెకన్లు ఎక్కువిచ్చేది అందుకే. ఇద్దరివీ కలిపి 200కి చేరితే గెలిచినట్టు. మా ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం గడియారం పెట్టం.

భజనలో ఇరవై మంది ఒకేచోట ఉంటే ఒకరు చెప్పింది విని ఇంకొకరు అదే అంటారు. విడివిడిగా అడగమని అత్తగారికి చెప్పు. గుంటూరు వాళ్లు కూడా కావాలంటే ప్రశ్నలు నాకు పంపు, అమ్మ నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలున్నాయి.