ఎలుకల్లో నాడీ విష ప్రభావాల స్క్రీనింగ్: కంట్రోల్ అంకెలే చెదిరిపోతుంటే ఎక్కడ వెతకాలి?

పరవాడ80:
90 రోజుల స్టడీ, ఓఈసీడీ 424 (ఎలుకల్లో నాడీ విష ప్రభావాల పరీక్షకు అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం. నాలుగు గ్రూపులు, గ్రూపుకి 10 మగ, 10 ఆడ విస్టార్ ఎలుకలు. నాలుగో వారం ఎఫ్ఓబీలో (నడక, పట్టు, స్పందనలు వరసగా చూసే పరీక్షల సెట్) కంట్రోల్ (రసాయనం ఇవ్వని) మగవాటి ఫుట్ స్ప్లే, అంటే కింద పడినప్పుడు వెనక కాళ్ల మధ్య దూరం, ఒకదానికి 6 సెం.మీ., పక్కదానికి 11. గ్రిప్ (కాళ్ల పట్టు బలం) కూడా ఇలాగే ఉంది. హై డోసులో నిజంగా తేడా ఉన్నా ఈ గందరగోళంలో తేలదు. ముందు ఏది సరిచూడాలి?

మధురవాడ మూషికం:
వదిలే చేతిని చూడండి. ఎలుకను రెండు చేతులతో నేలకు సమాంతరంగా పట్టుకుని, 30 సెం.మీ. ఎత్తు నుంచి రెండు చేతులూ ఒకేసారి తీసేయాలి. ఒక చెయ్యి లేటైతే అది పక్కకు ఒరిగి పడుతుంది, స్ప్లే పెరుగుతుంది. గింజుకుంటుంటే ఆగండి, ఒళ్లు సడలాకే వదలండి. ఎత్తు కంటితో అంచనా వేయొద్దు, గోడకో స్టాండుకో గీత పెట్టుకోండి.

సిరా వెనక కాళ్ల మడమలకే పూయాలి. పడిన వెంటనే ఎలుక ఒక అడుగు వేస్తుంది, దాని ముద్ర కూడా కాగితం మీద ఉంటుంది. దాన్ని కొలిస్తే మీ 11 వచ్చేస్తుంది. మొదటి జత ముద్రల చుట్టూ అప్పటికప్పుడే పెన్సిల్‌తో సున్నా చుట్టి, మడమ మధ్య నుంచి మడమ మధ్యకు కొలవాలి. మూడు సార్లు వదిలి సగటు తీయండి. ఇంకో మాట, మన విశాఖ గాలిలో తేమకి కాగితం మెత్తబడి సిరా పాకుతుంది. కట్టను మూసిన డబ్బాలో పెట్టి, వాడే ముందే తీయండి.

గ్రిప్‌మీటర్:
గ్రిప్ చెదరడానికి ముఖ్య కారణం లాగే వేగం. తోక మొదలు పట్టుకుని నిదానంగా, ఒకే వేగంతో, మీటరుకు నేరుగా వెనక్కి లాగాలి. గుంజితే పీక్ (మీటరు చూపే గరిష్ఠ అంకె) పెరిగిపోతుంది. రెండు కాళ్లతోనూ జాలీని పట్టుకోకపోతే ఆ రీడింగ్ కొట్టేయండి. బరువు కూడా పక్కనే రాయండి. హై డోసులో ఎలుక సరిగ్గా తినక చిక్కిపోతే గ్రిప్ తగ్గుతుంది, దాన్ని నరాల దెబ్బ అనేయకూడదు. నడక, స్ప్లే, గ్రిప్ మూడూ ఒకే దిక్కు చూపిస్తే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు.

సాగరతీరం:
పై రెండూ సరే కానీ, నా అనుమానం వరస మీద. 80 ఎలుకలు, ఒక్కోదానికి 8 నిమిషాలు అంటే 640 నిమిషాలు. ఒకే రోజు పెట్టుకుంటే పొద్దున చూసినదీ సాయంత్రం చూసినదీ ఒకటి కావు, చూసే మనిషీ అలిసిపోతాడు. మగవి రెండు రోజులు, ఆడవి రెండు రోజులు, రోజుకి ప్రతి గ్రూపు నుంచి 5 చొప్పున 20 చేయండి. డోసింగ్ మొదలు కూడా అలాగే రోజు తేడాతో పెట్టాలి. స్కోరు వేసేవారికి గ్రూపు తెలియకూడదు, కేజ్ కార్డు రంగు చూసి పసిగట్టేలా ఉంటే బ్లైండింగ్ పోయినట్టే. మధ్యలో పరిశీలకుణ్ణి మార్చకండి.

గది 22 డిగ్రీలకు అటూ ఇటూ 3 ఉండాలి. కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ రోజు ఉష్ణోగ్రత అంకెలు రిపోర్టులో గుర్తు పెట్టండి. ఆర్గానోఫాస్ఫేట్లు (ఒక రకం పురుగుమందులు) ఎలుక ఒంటి వేడిని తగ్గిస్తాయి, గది వేడెక్కితే ఆ తగ్గుదల మరుగున పడుతుంది. నేవీ విమానాల శబ్దం వినిపించే చోట మోటార్ యాక్టివిటీ (ఎలుక కదలికలను యంత్రంతో లెక్కించే పరీక్ష) గదిలో వైట్ నాయిస్ (బయటి చప్పుళ్లను కప్పేసే ఒకే తీరు శబ్దం) తప్పనిసరి.

మధురవాడ మూషికం:
యాక్టివిటీ సెషన్ ఎంత సేపు పెట్టారు? కంట్రోల్ ఎలుకల కదలిక ఆఖరి 20 శాతం సమయానికల్లా తగ్గి నిలకడపడాలి. 60 నిమిషాలైతే చివరి 12. 15 నిమిషాల సెషన్ ఎందుకూ చాలదు. ఒకే గ్రూపును ఎప్పుడూ ఒకే ఛాంబర్‌లో పెట్టకండి. ఓపెన్ ఫీల్డ్ (ఎలుకను వదిలి చూసే తెరిచిన పెట్టె) స్పిరిట్‌తో తుడిచాక వాసన పోయే వరకు ఆగాలి, లేకపోతే రియరింగ్ (వెనక కాళ్ల మీద లేచి నిలబడడం) లెక్క మారిపోతుంది.

కొత్తగా చేరిన విద్యార్థి:
2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో లీకైన స్టైరీన్ లాంటి రసాయనాన్ని ఈ పరీక్షలు పట్టగలవాండీ?

గ్రిప్‌మీటర్:
మంచి ప్రశ్న అమ్మా. మత్తు, తూలడం పడతాయి, కానీ సరైన సమయంలో చూస్తేనే. స్టైరీన్ ఎలుకల లోపలి చెవిలోని బయటి హెయిర్ సెల్స్‌ను (శబ్దాన్ని పట్టే కణాలు) దెబ్బతీస్తుంది, ముఖ్యంగా మధ్య ఫ్రీక్వెన్సీల దగ్గర. ఎఫ్ఓబీలో వినికిడి చూడడానికి చేసే క్లిక్ శబ్దంలో అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉంటాయి కాబట్టి సగం చెవుడొచ్చిన ఎలుక కూడా చెవులు రిక్కిస్తుంది, స్కోరు మామూలుగానే పడుతుంది. దానికి టోన్లు వేరు చేసి చూసే పరీక్ష కావాలి. ఎఫ్ఓబీ జల్లెడ మాత్రమే. ట్రైమిథైల్ టిన్ అనే రసాయనం హిప్పోక్యాంపస్‌ను (మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) పాడుచేస్తే ఆ మతిమరుపు కూడా ఇందులో తేలదు, మేజ్ (దారి గుర్తుపెట్టుకునే చిక్కుదారుల పరీక్ష) పెట్టాలి.

సమయం సంగతి కూడా చెప్పాలి. కార్బరిల్ అనే పురుగుమందు ప్రభావం నోటి ద్వారా ఇచ్చిన అరగంట చుట్టూ గరిష్ఠం, గంటలు గడిస్తే తేరుకుంటుంది. సింగిల్ డోసులో అన్ని రసాయనాలకీ ఒకే గంట పెట్టుకుంటే కొన్నిటిని చేజేతులా వదిలేసినట్టే. పీక్ ఎప్పుడో చిన్న రేంజ్ స్టడీలో ముందే కనుక్కోండి.

సాగరతీరం:
పరవాడ గారూ, మీ పరిశీలకులకు పాజిటివ్ కంట్రోల్ డేటా (ప్రభావం ముందే తెలిసిన రసాయనాలతో చేసిన పరీక్షల ఫలితాలు) ఉందా? ఎక్రిలమైడ్‌తో స్ప్లే, గ్రిప్, నడక, డీడీటీతో వణుకు, ట్రైడిమెఫాన్‌తో కదలిక పెరగడం పట్టగలమని చూపాలి. ప్రతి ఏడూ కొత్త ఎలుకల మీద చేయాల్సిన పని లేదు. ఒకసారి ఐఏఈసీ (సంస్థలోని జంతు నైతిక కమిటీ) అనుమతితో చేసి, వీడియోలు భద్రపరచి, కొత్తవారిని వాటి మీదే తర్ఫీదు ఇవ్వండి.

పరవాడ80:
స్ప్లే కాగితాలు మళ్లీ తీసి చూశాం. 11 అని రాసిన మూడింటిలో రెండింట అడుగు వేసిన ముద్రే కొలిచారు. పాత అంకె కొట్టేసి, కారణం, తేదీ, సంతకంతో సవరణ రాస్తున్నాం. ఎనిమిదో వారానికి నాలుగు రోజుల వరస, పెన్సిల్ సున్నాలు పెడతాం.