ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి; ఎవరి పద్యం వారి పేట పేరు మీదే): "హితునిఁ జంపినవాఁడె మహితుఁడు గాదె"

బ్రాడీపేట (నిర్వహణ): ఛందస్సు తేటగీతి. గడువు ఆదివారం రాత్రి. పురాణాల్లోకి పోవద్దు. పోయినసారి ఆరుగురి పద్యాల్లో పరశురాముడు తల్లిని నరికాడు, చాలు. ఈసారి షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో మిత్రుడైన సీజర్‌నే పొడిచి చంపిన బ్రూటస్ మీదే పూరించాలి.

పట్టాభిపురం:
చెలిమి కంటెను దేశమే శ్రేష్ఠ మనుచు
బ్రూటసే సీజరును సభఁ బొడిచి వైచె
శత్రు వాంటొని సైతము సన్నుతించె
హితునిఁ జంపినవాఁడె మహితుఁడు గాదె

బ్రాడీపేట: నడక సాఫీగా ఉంది. చె-శ్రే యతి బాగా కుదిరింది. పేచీ మూడో పాదంతోనే. సీజర్ శవం పక్కన నిలబడి, అతని పక్షంవాడైన ఆంటొని 'గౌరవనీయుడు' అని పదేపదే అన్నది ఎత్తిపొడుపు. నిజంగా మెచ్చుకున్నది అయిదో అంకంలో, ఫిలిప్పీలో బ్రూటస్ ప్రాణం తీసుకున్నాక. మిగతా కుట్రదారులది అసూయ, ఇతనొక్కడే నలుగురి మేలు కోరాడు అంటాడు. మీ పద్యంలో పొడవగానే పొగిడినట్టుంది.

పట్టాభిపురం: సవరణ: "శత్రు వాంటొనె తుదకును సన్నుతించె".

బ్రాడీపేట: ఇప్పుడు సరే.

కొత్తపేట:
వడ్డి నూటికి నాలుగు! దొడ్డవాఁడు!
సైప్రసు జనులఁ బీడించు చంద మెఱిఁగి
నవ్వుకొను లోక మీ మాట నమ్మఁగలదె
హితునిఁ జంపినవాఁడె మహితుఁడు గాదె
(చరిత్రలో బ్రూటస్ సైప్రస్‌లోని సలమిస్ ఊరివాళ్ళకు ఏడాదికి నూటికి 48 వడ్డీకి అప్పిప్పించాడు. ఆనాటి రోమన్ నాయకుడు సిసిరో ఉత్తరాల్లో ఉంది. రోమన్లదీ మన మిర్చి యార్డు లెక్కే, నెలకు నూటికి ఇంత అని. గవర్నరుగా సిసిరో పెట్టిన హద్దు ఒక్క రూపాయి వడ్డీ!)

బ్రాడీపేట: వడ్డి-దొడ్డ ప్రాసయతి అదిరింది. కానీ నేనడిగింది నాటకంలోని బ్రూటస్‌ని. అక్కడా మీకు సరుకుంది. నాలుగో అంకంలో, రైతుల కాయకష్టం గుంజడం నా వల్ల కాదంటాడు. ఆ నోటితోనే, సైన్యానికి జీతాలడిగితే ఎందుకు పంపలేదని తోటి కుట్రదారు కేసియస్ మీద విరుచుకుపడతాడు. ఆ డబ్బు కేసియస్‌కి ఎక్కణ్ణుంచి రావాలో మాత్రం అడగడు. తన చేతికి మట్టి అంటకూడదు, అంతే.

అరండల్‌పేట: మొదటి రెండు పాదాలు ఇంకా చెక్కుతున్నా. విరుపు చూడండి.
రాజు గాఁ గోరు, జనముల రాజ్యమున క-
హితునిఁ జంపినవాఁడె మహితుఁడు గాదె

బ్రాడీపేట: 'అహితుని' చేసి తప్పించుకున్నారు. అవధానాల్లో చెల్లే ఎత్తే, చప్పట్లు కూడా పడతాయి. కానీ శత్రువును చంపితే వింతేముంది? సమస్యలో పస పోయింది. పైగా బ్రూటస్ తోటలో ఒంటరిగా ఏమనుకున్నాడు? సీజర్ మీద సొంత పగ లేదు, ఇప్పటిదాకా అతను అదుపు తప్పింది చూడలేదు, కిరీటం పెడితే మారతాడేమో. అందుకని పామును గుడ్డులోనే చిదిమేయాలట. హితుడని తెలిసే చంపాడు. ఇంకా అహితుడు కానివాణ్ణి అహితుడని అతనికి నూరిపోసింది కేసియస్ కిటికీలోంచి వేయించిన దొంగ ఉత్తరాలు. మీ 'అ' కూడా ఆ పనే చేసింది మాస్టారూ.

అరండల్‌పేట: దెబ్బ గట్టిదే. విరుపు తీసేస్తాను. ఆ 'ఏమో'ని తేటగీతిలో ఎక్కించడమే కుదరట్లేదు. గడువు సోమవారం పొద్దుటికి జరుపుతారా?