కడుపుతో ఉన్నవారు మందు దోమతెరలో పడుకోవచ్చా?

ప్రశ్న (గుణుపూర్, రాయగడ జిల్లా):
మా మరదలికి ఐదో నెల. ఆశా దీదీ ఇచ్చిన మందు దోమతెరను (ఇక్కడ మశారి అంటే గాని ఎవరికీ తెలియదు) సంచి విప్పి ఆ రాత్రే కట్టుకుని పడుకుంటే, తెల్లవారేసరికి ముఖం మండి కళ్లు ఎర్రబడ్డాయి. మా అమ్మ దానిని మడిచి అటక మీద పెట్టేసింది. ఆ మందు గాలి లోపలి బిడ్డకు తగులుతుందని, తన ఐదు కాన్పులూ వేపాకు పొగతోనే గడిచాయని అంటోంది. ఆ ఐదింటిలో ఒకటి నిలవలేదన్న మాట నేను ఎత్తలేదు. ప్రమాదం లేదని నాకే రూఢిగా తెలియనప్పుడు ఆమెకు ఏమని చెప్పను?

సమాధానం (రాయగడ):
మలేరియా విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను. తెర దారాలకు పట్టించే డెల్టామెత్రిన్ వంటి మందు కొత్తలో చర్మానికి, కళ్లకు కాసేపు మంట పుట్టిస్తుంది. అందుకే విప్పగానే ఒక రోజంతా నీడలో దండెం మీద ఆరవేయాలి. గర్భిణులు వీటిని తప్పక వాడాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అసలు భయపడవలసింది ఫాల్సిపేరమ్ అనే రకం మలేరియాకు. ఆ క్రిములు గర్భంలోని మాయలో (మావిలో) చేరి దాక్కుంటాయి కాబట్టి వేలి రక్తం పరీక్షలో ఒక్కోసారి దొరకవు. పైకి జ్వరం లేకుండానే తల్లికి రక్తం తగ్గి, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడమో కడుపులోనే పోవడమో జరుగుతుంది. పొగ మొదటి జాముకే ఆరిపోతుంది, మన కొండవాగుల్లో పెరిగే దోమకు ఆ తరువాత కూడా పనే. ఒడిశాలో 2017లో కోటికి పైగా తెరలు పంచి, మారుమూల ఊళ్లలో రక్తపరీక్షలు కూడా జరిపాక, 2018లో కేసులు దాదాపు ఐదో వంతుకు పడిపోయాయి.

సమాధానం (పర్లాకిమిడి):
నాకు వాసన కన్నా ఉక్క, దానికన్నా రాత్రికి నాలుగుసార్లు లేవవలసి రావడం పెద్ద చిక్కయ్యాయి. లేచిన ప్రతిసారీ పరుపు కింద దోపిన అంచు లాగి, మళ్లీ దోపలేక, వారానికే తెర మానేసి అరుగు మీద పడుకున్నాను. మా అత్తగారు మంచం కోళ్లకు నాలుగు వెదురు బద్దలు కట్టి, నేను దిగే వైపు తెరకు పాత చీర అంచు పొడుగ్గా కుట్టారు; వదిలేస్తే ఆ బరువుకు అదే నేల దాకా జారేది. ఇంత చేసీ, ఎనిమిదో నెలలో పుట్టింటికి వెళ్లేటప్పుడు సారె అంతా సర్ది తెరను మాత్రం మరిచిపోయాం. చలిజ్వరం నాకు అక్కడే వచ్చింది.

సమాధానం (సిరొంచ):
మా వైపు అవే తెరలు కోళ్ల గంపల మీదా, చేపల వేటలోనూ కనిపిస్తాయి. దయచేసి ఏటిలో ఉతకకండి, ఆ మందుకు చేపలు చస్తాయి. మెత్తని సబ్బుతో ఉతికి నీడలో ఆరవేస్తే ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్నంతా ఆరవేశాం, రాత్రి మంట లేదు. చీర అంచు తానే కుడతానంటున్న అమ్మ, వేపాకు పొగ మాత్రం మానేది లేదంటోంది.

సమాధానం (రాయగడ):
వేయనివ్వండి, కానీ వాకిట్లో. గర్భిణి పడుకునే గదిలో పొగ వద్దు.